అర శాతం మందు

మా అత్తగారి లెక్క ప్రకారం నేను మందు కలిపేవాణ్ణి. అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పే జవాబు అదే. విన్నవాళ్ళు మొదట ఆవిడ వైపు జాలిగా చూస్తారు, తర్వాత నా చేతుల వైపు చూస్తారు, వణుకుతున్నాయేమోనని.

ఆవిడ తప్పేమీ లేదు. మందు అంటే ఒక ఊళ్ళో సారా, ఒక ఊళ్ళో పురుగుల డబ్బా, ఆసుపత్రి దగ్గరైతే మాత్రలు. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో దానికి ఇంకో అర్థం ఉంది. గనిలో రాతికి రంధ్రం తొలిచి, అందులో కూరి పేల్చేది మందు. మా మామగారు బతికున్నంత కాలం ఆ పనే చేశారు. గని ఎప్పుడో మూతపడింది కానీ, అత్తగారి నిఘంటువు మూతపడలేదు. ఏదైనా ఒక పెద్ద వస్తువులో కొంచెంగా వేసి దాని గుణం మార్చేదంతా ఆవిడకు మందే. పాలల్లో తోడు కూడా.

నేను చేసే పనిని పుస్తకాల్లో డోపింగ్ అంటారు. ఆ మాట కూడా ఒకసారి చెప్పి చూశాను. “పరుగు పందెంలో పట్టుకుంటారే, అదా? అట్లాంటి పని నీకెందుకప్పా?” అంది. మందు అనుకోవడమే గౌరవంగా ఉంటుందని అప్పటికప్పుడు ఒప్పేసుకున్నాను.

పని మాలూరు పారిశ్రామిక వాడలో. వాషింగ్ మెషిన్ బట్టలు ఉతకడం అయిపోయిందని కూత పెడుతుంది కదా, కారు వెనక్కి వెళ్తూ కీచుమంటుంది కదా, ఆ కూత పెట్టేది రూపాయంత సిరామిక్ బిళ్ళ. దాన్ని నొక్కితే కరెంటు పుడుతుంది, దానికి కరెంటు ఇస్తే వణుకుతుంది. వణుకే కూత. ఆ గుణాన్ని పీజో అంటారు. ఫ్యాక్టరీలో మాకు అంత ఓపిక లేదు. బిళ్ళ పలికింది, బిళ్ళ పలకలేదు, అంతే.

ప్రపంచంలో బాగా పలికే బిళ్ళల బరువులో సగానికి పైన సీసమే. సీసం లేకుండా పలికే బిళ్ళ చేయడం కోసం నన్ను పెట్టుకున్నారు. చేరినప్పుడు నాది ఒక బల్ల, ఒక తూకం, ఒక ఆశయం. ఆశయం యజమానిది.

మా ఆవిడ అదే ఫ్యాక్టరీలో నాకంటే ముందు నుంచి ఉంది. డిప్లొమా చదివింది, ప్రెస్ గదికి సూపర్‌వైజర్. సీసం కలిసిన లేత పసుపు పొడిని అచ్చుల్లో పోసి బిళ్ళలుగా నొక్కే గది అది. షిఫ్టు దిగేముందు అక్కడ అందరికీ తలా ఒక బెల్లం ముక్క ఇస్తారు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని మా ప్రాంతంలో గట్టి నమ్మకం. గనిలో కూడా ఇచ్చేవారట. దిగి ఎక్కడికి పోతుందని మాత్రం ఎవరూ అడగలేదు.

మా ఆవిడ కడుపు నాలుగో నెల దాటలేదు. దాని గురించి ఇంతకంటే పొడుగు వాక్యం రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాలేదు.

సెలవు అయిపోగానే ఇద్దరం మళ్ళీ ఉరిగాం స్టేషన్‌లో నిలబడ్డాం. మారికుప్పం నుంచి వచ్చే రైలు ఆ రోజు కూడా ఆలస్యంగానే వచ్చింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది, నేను ఆవిడ పక్కన. బంగారుపేట దాకా గని తవ్వి పోసిన సైనైడ్ దిబ్బల గురించి గానీ, వాన గురించి గానీ ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం ఇదివరకు. ఆ రోజు మాట్లాడలేదు. మరుసటి రోజు కూడా. పోట్లాట అయితే కాదు. పోట్లాటకు ఓపిక కావాలి.

ఇంట్లోనూ అంతే. ఆవిడ గిన్నెలు కడిగేది, నేను తుడిచేవాణ్ణి. టీవీలో ఏదో ఒకటి నడిచేది. చూసిపోవడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, “పర్వాలేదు, ధైర్యంగా ఉండారు” అని వెళ్ళేవాళ్ళు. ధైర్యం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మత్తు ఇంజెక్షన్ వేశాక దవడ ఎట్లా ఉంటుందో తెలుసు. అది.

కొన్నాళ్ళకు మళ్ళీ చూపించుకోవడానికి రాబర్ట్‌సన్‌పేటలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ముందు అత్తగారు, మా ఆవిడ లోపలికి వెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చుని, గోడ మీద తల్లిపాల పోస్టర్ చదవకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాను. కాసేపటికి నర్సు వచ్చి పిలిచింది. లోపలికి వెళ్తే డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఆ చూపు నాకు అలవాటే కానీ, అప్పుడు గుర్తుపట్టలేదు.

“కూర్చోండి. మీ గురించి అమ్మగారు చెప్పినారు. ఎన్నాళ్ళ నుంచి?”

“ఏంటండీ?”

“మందు.”

“అదా, చేరినప్పటి నుంచి.”

“రోజూనా?”

“రోజూ కుదరదండీ. వారానికి రెండు సార్లు.”

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. “ఎంత?”

“అర శాతం. ఒక్కోసారి ఇంకా తక్కువ. ఒక శాతం దాటిందంటే ఇంక పనికిరాదు, చెడిపోతుంది.”

“ఏం చెడిపోతుంది?”

“బిళ్ళ.”

ఆవిడ పెన్ను ఆపింది. “ఏ బిళ్ళ? దాంతో పాటు బిళ్ళలు కూడానా?”

“బిళ్ళలోనే కదండీ మందు కలిపేది.”

అత్తగారు ఇక ఆగలేకపోయింది. “అదే చెప్తా ఉండాను కదమ్మా ఇందాకట్నించి! మా ఇంటాయన మందు మనిషే, అల్లుడూ మందు మనిషే. మా ఇంట్లో అందురూ మందు మీద బతికినోళ్ళే. దాంట్లో సిగ్గేముండాది?”

మా ఆవిడ నెలల తర్వాత మొదటిసారి నవ్వబోయింది. పూర్తిగా కాదు. పెదవి ఒక వైపు కదిలి, మళ్ళీ దాని చోటికి అది వెళ్ళిపోయింది. “డాక్టరమ్మా, తాగేది కాదు. మేమిద్దరం మాలూరులో ఫ్యాక్టరీలో చేస్తాము. ఈయన పొడిలో వేరే పొడి కలుపుతారు. నేను ఆ పొడిని నొక్కి బిళ్ళ చేస్తాను.”

“ఏం పొడి?”

“ఈయనది వేరే. నాది సీసం.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అప్పటిదాకా మేం ఏ పని చేస్తామని ఆవిడ అడగలేదు, మేం చెప్పలేదు. ఫ్యాక్టరీ అని ఒక మాట రాసి ఉన్నట్టుంది, అంతే. అత్తగారి నోట మందు అన్న మాట రాకపోతే ఇంకెన్నాళ్ళు అట్లాగే ఉండేదో.

మా ఆవిడ రక్తం తీసి బెంగళూరు పంపారు. ఫలితం వచ్చాక మళ్ళీ వెళ్ళాం.

“సీసం ఎక్కువే ఉంది” అంది డాక్టరమ్మ.

“ఎంత ఉండాలండీ?” అన్నాను. కొలతలతో బతికేవాడికి వచ్చే ప్రశ్న అది.

“అసలు ఉండకూడదు.”

మా ఆవిడ అడిగింది: “దానివల్లనేనా పోయింది?”

“చెప్పలేనమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. అందరికీ అట్లా అవుతుందనీ లేదు. కానీ ఇది దిగేదాకా మళ్ళీ ప్రయత్నం వద్దు.”

“రోజూ బెల్లం తినేది కదమ్మా” అంది అత్తగారు. డాక్టరమ్మ చీటీ రాయడం మొదలుపెట్టింది.

బయటికి వచ్చి బజారు వీధిలో నడుస్తున్నాం. పూల కొట్టు దగ్గర ఆగి, “ఇంక పని మానేస్తావా?” అని అడిగాను.

“నేనెందుకు మానాల?” అంది. గొంతు పెంచలేదు. “నేను దాంట్లోకి దూరినానా? అది నాలోకి దూరింది. పోవాల్సింది అది.”

“అది నిజమే.”

“మీ మందు ఎప్పుడు కుదురుతుంది?”

“కుదురుతుంది.”

“ఎప్పుడని అడిగితే ఎప్పుడని చెప్పాల. సీసం లేని బిళ్ళ పలికిందంటే ఆ గదిలో సీసం ఉండదు. అప్పుడు నా పని నాకుంటుంది, మిగతాదీ ఆలోచించొచ్చు. మీరు కుదిర్చేదాకా ఆగుతాను.”

అట్లా మా సంసారం మొత్తం వచ్చి నా తూకం మీద కూర్చుంది. పాపం, అది మిల్లీగ్రాములు తూచే తూకం.

యజమాని మంచివాడే. అడగ్గానే ఆవిడను ప్రెస్ గది నుంచి పరీక్షల బల్లకు మార్చాడు. పరీక్షల బల్ల కూడా ప్రెస్ గది ఉన్న హాల్లోనే, భుజాల ఎత్తు ప్లైవుడ్ తడికకు ఇవతల. పొడి తడిక ఎక్కి రావాలంటే కాస్త కష్టపడాలి. నేను చేసిన బిళ్ళలు కూడా అక్కడికే వెళ్ళేవి. పొద్దున రైల్లో నా పక్కన మాట్లాడకుండా కూర్చున్న మనిషే మధ్యాహ్నం నా బిళ్ళను మీటరు దవడల మధ్య పెట్టి, పలకలేదని చెప్పేది.

నా పొడిలో ఉండేవి పొటాషియం, సోడియం, నియోబియం. మొదటి రెండూ ఉప్పు జాతి. గాలిలో తేమ తగిలితే తాగేస్తాయి, కొలిమిలో వేడి తగిలితే ఎగిరిపోతాయి. బంధువుల్లో అట్లాంటి వాళ్ళు అందరికీ ఉంటారు. ఎగిరిపోయినవాటి చోటు ఖాళీగా మిగులుతుంది. అసలు చిక్కు అక్కడే. సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చే రైల్లో ఒకడు లేచాడనుకోండి, పక్కవాడు ఆ చోటులోకి జరుగుతాడు, వాడి చోటులోకి ఇంకొకడు. నిలబడి చూసేవాడికి ఆ ఖాళీయే పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్ళినట్టుంటుంది. మా బిళ్ళలో కరెంటు కారేది అచ్చం అట్లాగే.

కారితే ఏమైందంటారా? కాల్చిన బిళ్ళ ఊరికే పలకదు. దాని లోపల ఊళ్ళోలాగా చిన్న చిన్న పేటలుంటాయి, ఒక్కో పేట ఒక్కో దిక్కు చూస్తూ ఉంటుంది. బిళ్ళను వేడి నూనెలో ముంచి, రెండు వైపులా వేల వోల్టులు పెట్టి పట్టి ఉంచితే పేటలన్నీ ఒక వైపుకు తిరుగుతాయి. వోల్టేజీ తీసేసినా చాలా వరకు అట్లాగే నిలిచిపోతాయి. అప్పుడే అది పలికే బిళ్ళ. కారే బిళ్ళ అంతదాకా ఓర్చుకోదు. నూనెలో టప్పుమంటుంది. తీసి చూస్తే మధ్యలో సూదిమొనంత నల్ల చుక్క.

“ఏం సార్, ఈ వాయి కూడా మాడిపాయెనా?” అనేవాడు కొలిమి చూసుకునే ఆయన. మా నాన్న వయసుంటుంది ఆయనకు. “కొంచెం సోడా తగ్గించండి. మా ఇంట్లో బోండా కూడా ఇట్లనే పేలుతుంది.”

“బోండాకు వేల వోల్టులు పెట్టరు కదన్నా.”

“పెట్టి చూసినామా?”

ముందు రాగి వేసి చూశాను. కారడం తగ్గింది. నూనెలో పేలలేదు. నాకు సంతోషం వేయాల్సింది. బిళ్ళ మాత్రం బిగుసుకుపోయింది. రాగి వెళ్ళి పేటల మధ్య గోడలను పట్టేసుకుంటుంది, అవి ఇక కదలవు. ఇట్లాంటిదాన్ని మా విద్యలో గట్టి రకం అంటారు. ఎంతసేపు ఊపినా వేడెక్కదు, నష్టం ఉండదు, పెద్దగా స్పందనా ఉండదు. అల్ట్రాసౌండ్ పనులకు అదే కావాలి. కూత పెట్టడానికి పనికిరాదు.

మా ఆవిడ దాన్ని మీటరులో పెట్టి, ముల్లు చూసి, తీసి నా చేతిలో పెట్టింది. “ఇది మీ మాదిరే ఉండాది.”

“గట్టిగానా?”

“గమ్మున. ఉలుకూ పలుకూ లేకుండా.”

“నువ్వు మాత్రం?” అన్నాను.

“నేనూ అంతే. అందుకే తెలిసింది.”

ఆ మాట మీద కొంతసేపు నిలబడ్డాను. చేతిలో బిళ్ళ ఉంది కాబట్టి నిలబడడానికి కారణం ఉన్నట్టే ఉంది.

తర్వాత మాంగనీసు. దాని గుణం వేరు. ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. రైల్లో సీటు మీద తుండు పరిచి, మొహం మీద ఇంకో తుండు కప్పుకుని నిద్రపోయే మనిషిని చూసే ఉంటారు. ఆయన్ను దాటి ఎవరూ అటూ ఇటూ జరగలేరు. ఖాళీ అక్కడే ఆగిపోతుంది, కరెంటు కారడం తగ్గుతుంది. అయితే ఇద్దరు ముగ్గురు అట్లాంటివాళ్ళు చాలు పెట్టెకు. ఎక్కువైతే వాళ్ళకే చోటు చాలక దారిలో పడుకుంటారు. మాంగనీసు కూడా మోతాదు దాటితే కాలిన పొడి గింజల సందుల్లో పేరుకుని బిళ్ళను పాడుచేస్తుంది. అర శాతమని డాక్టరమ్మకు చెప్పింది ఊరికే చెప్పలేదు.

ఎన్ని వాయిలు పోయాయో లెక్క రాసుకోలేదు. వానాకాలంలో పొడి తేమ తాగి తూకం తప్పింది. తూచే ముందు పొడిని ఎండబెట్టడం మొదలుపెట్టాను. కొలిమిలో బిళ్ళలను వాటి సొంత పొడిలోనే పాతిపెట్టి కాల్చాను, ఎగిరిపోయేవి కాస్త మొహమాటపడతాయని. మొహమాటపడ్డాయి. ఒక మధ్యాహ్నం పాలు తక్కువైన టీ రంగులో ఒక వాయి బయటికి వచ్చింది. మాంగనీసు ఉంటే రంగు అట్లా దిగుతుంది. నూనెలో ముంచి వోల్టేజీ పెంచుకుంటూ పోయాను. టప్పు అనలేదు. కొలిమి ఆయన కూడా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఏమీ అవకపోవడాన్ని ఇద్దరు మనుషులు అంత శ్రద్ధగా చూడడం బయటివాళ్ళకు విచిత్రంగా ఉంటుంది.

పరీక్షల బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆవిడ బిళ్ళను మీటరులో పెట్టింది. తీసి, తిప్పి, మళ్ళీ పెట్టింది. ఇంకోటి పెట్టింది.

“పలికిందా?”

“ఉండండి.”

నాలుగోదో ఐదోదో పెట్టాక తల ఎత్తింది. “పలికింది. సీసం బిళ్ళతో చూస్తే సగం వస్తుంది. కూతకు చాలు.”

“చాలా?”

“చాలంటా ఉండా కదా.”

మేమిద్దరం అప్పుడు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉంటే బాగుండేది. ఆవిడ పెట్టెలోంచి ఇంకో బిళ్ళ తీసుకుంది, నేను చేతి గ్లౌజులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాను. కొలిమి ఆయన మాత్రం హాలంతా వినబడేట్టు చప్పట్లు కొట్టాడు.

యజమాని మైసూరుపాకు తెప్పించాడు. అందరినీ పిలిచి, మా ఇద్దరినీ ముందు నిలబెట్టాడు. “చాలా సంతోషం. వచ్చే నెల నుంచి ఒక ప్రెస్ మీద ఈ కొత్త పొడి మొదలుపెడతాం.”

ప్రెస్ గదిలో ఉన్నవి రెండు ప్రెస్సులు.

“రెండోదాని మీద సార్?” అంది మా ఆవిడ.

“దాని మీద పాతదే నడవనీ అమ్మా. పెద్ద ఆర్డర్లన్నీ దాని మీదే కదా. వాళ్ళకి సగం పలికేది చాలదు.”

“రెండూ ఒకే గదిలో ఉండాయి సార్.”

“మధ్యలో పసుపు గీత గీయిస్తాను. ఇటువైపు సీసం లేనిది, అటువైపు ఉన్నది. స్పష్టంగా ఉంటుంది.”

“దుమ్ముకి చదువొచ్చునా సార్?”

అందరూ నవ్వారు. యజమాని కూడా మనసారా నవ్వాడు, ఇంకో మైసూరుపాకు ఆవిడ చేతిలో పెట్టాడు. చెడ్డవాడైతే మాకు సులువుగా ఉండేది.

సాయంత్రం రైల్లో మైసూరుపాకు ఆవిడ ఒళ్ళో కాగితంలో అట్లాగే ఉంది. టేకల్ స్టేషన్ దాటాక అంది: “అది పోదు. సరే. నేనే పోతాను.”

“ఇంకొంచెం ఆగితే, నేను ఆ సగాన్ని...”

“మీ సగం మీరు పెంచుకోండి. నేను ఆగినాను కదా చెప్పినంత కాలం. మీరు చేస్తానన్నది చేసినారు. దాంట్లో తప్పు ఎంచను. పని చేసిన చోటు నాది అనుకున్నాను చూడండి, అది నాది కాదు.” మైసూరుపాకు కాగితం మడిచి, “బాగా చేస్తా ఉంటిని ఆ పని” అంది.

ఊఁ అన్నాను. నా జీవితంలో నేను సాధించిన ఒకే ఒక్క సంగతి ఆ రోజు సాధించాను. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచిలో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఇంటికి వచ్చాను. అందులో ఒక బిళ్ళ నిజంగానే ఉంది.

ఆ నెలాఖరుకు ఆవిడ మానేసింది. నేను ఒక్కణ్ణే రైలెక్కడం మొదలుపెట్టాను. పక్క సీటులోకి ఎవరో ఒకరు జరిగి కూర్చునేవారు. అత్తగారు ఇంట్లో కూతురికి రాగి ముద్ద, ఆకుకూర, పాలు ఏవేవో పెట్టింది. సీసానికి విరుగుడు ఏమిటని ఊరంతా అడిగింది. ఊరంతా చెప్పింది.

కొన్ని నెలల తర్వాత మా ఆవిడ మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చింది. ఫలితం రోజు ముగ్గురం వెళ్ళాం. అది చూసి డాక్టరమ్మ తృప్తిగా తల ఊపింది కానీ, మధ్యలో ఆపేసింది. “దిగింది. అయితే ఇంకా దిగాల్సింది. పని మానేసినావు కదా? మరి ఇంట్లో ఇంకెవరైనా ఆ పొడి దగ్గరికి పోతారా?”

గదిలో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళూ నా వైపు తిరిగారు. వోల్టేజీ అక్కర్లేకుండానే.

“నాది సీసం లేని పొడి అండీ” అన్నాను.

“రెండు పొడులూ ఒకే హాల్లోనా?”

“మధ్యలో గీత ఉంది” అన్నాను. నా చెవికే ఆ మాట ఎట్లాగో వినబడింది.

“ఈ చొక్కా వేసుకునే పోతారా పనికి? దీంతోనే ఇంట్లోకి వస్తారా?”

“దీంతోనే పడుకుంటారు కూడా, టీవీ ముందర” అంది మా ఆవిడ.

డాక్టరమ్మ కాగితం మీద నా పేరు రాసి ఇచ్చింది. అల్లుణ్ణి కూడా పరీక్షించమన్నందుకు అత్తగారికి కొంచెం అవమానమైంది. “ఆయన మందు మనిషి కదమ్మా, సీసం ఆయనది కాదు” అని నా తరఫున ఒక మాట అని చూసింది. డాక్టరమ్మ ఈసారి నవ్వింది.

పక్క గదిలో రక్తం తీసే అమ్మాయి నా చేతికి రబ్బరు కట్టి, సూది గుచ్చింది. “నొప్పి ఉందా సార్?”

“లేదమ్మా.”

“ఆయన్ని అడిగితే ఏం తెలుస్తుంది?” అంది తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడ. “లేదనే అంటారు. మొహం చూడు, నొప్పి ఉండాది.”

ఉంది. కొంచెం. చెప్పేంత కాదు.

దూది నొక్కిపట్టుకుని బయటికి వచ్చాను. అత్తగారు ఆటో కోసం ముందు నడిచింది. మా ఆవిడ నా మోచేతి దగ్గర చూసి, దూది జారితే సరిచేసింది.

“రేపట్నుంచి చొక్కా వాకిట్లోనే విప్పాల. స్నానం చేసినంకనే లోపలికి. కొత్త గది అడగండి సార్ని, వేరే గోడ ఉండేది. ఇవ్వకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.”

“అట్లాగే.”

“మీది కూడా దిగనీ.” ఆటో వైపు చూస్తూ అంది. “దిగినంక చూద్దాం.”

ఏం చూద్దామని నేను అడగలేదు. ఏడాదిగా మా ఇంట్లో ఉన్నవన్నీ చూస్తాను, చూడండి, చూసినాను. ఇద్దరినీ కలిపి చెప్పే ఆ క్రియాపదం చాలా రోజులకు వినబడింది. అటు అత్తగారు ఆటో అతనితో బేరం మొదలుపెట్టేసింది, త్వరగా రమ్మని చెయ్యి ఊపుతోంది.

“చూద్దాం” అన్నాను.